చేతిలో తిరిగే బొమ్మ మనసును కుదురుగా ఉంచుతుందా?

ఫిడ్జెట్ స్పిన్నర్, పాప్ ఇట్, స్ట్రెస్ బాల్... ఇవి ఏకాగ్రతను పెంచుతాయని, ఒత్తిడిని తగ్గిస్తాయని చెప్పి అమ్ముతున్నారు. ఈ మాటల్లో శాస్త్రం ఎంత, వ్యాపారం ఎంత?

"కాసేపు చేతులు ఊరికే పెట్టుకోలేవా?" బడిలో ఈ మాట అనిపించుకోని వాళ్లు తక్కువ. పాఠం జరుగుతుంటే ఒకరు పెన్ను మూతను టకటకలాడిస్తారు, ఒకరు జడ చివర మెలితిప్పుతారు, ఇంకొకరు కాలు ఊపుతారు. పెద్దలూ తక్కువేం కాదు. ఫోన్లో మాట్లాడుతూ కాగితం మీద పిచ్చిగీతలు గీస్తారు, మీటింగులో ఉంగరం తిప్పుకుంటారు, పరీక్ష ఫలితాల కోసం ఎదురుచూస్తూ గోళ్లు కొరుకుతారు. చేసేవారికి చాలాసార్లు ఆ సంగతే తెలియదు.

చెయ్యి ఊరుకోలేకపోవడం మనిషికి కొత్త కాదు. దానికోసం ప్రత్యేకంగా బొమ్మలు తయారుచేసి, వైద్య గుణాలు ఉన్నాయని చెప్పి అమ్మడమే కొత్త. పిల్లవాడికి చదువు మీద ధ్యాస నిలవడం లేదని బెంగపడే తల్లిదండ్రులు వీటిని ఆశతో కొంటున్నారు. అందుకే వీటి వెనుక ఉన్న ఆధారాలను ఒకసారి తరచి చూడటం అవసరం.

ఎక్కడి నుంచి వచ్చాయి?

2017 ఏప్రిల్, మే నెలల్లో ఫిడ్జెట్ స్పిన్నర్ ప్రపంచాన్ని ఊపేసింది. దీన్ని అమెరికాకు చెందిన కేథరిన్ హెటింగర్ కనిపెట్టారని అప్పట్లో చాలా పత్రికలు రాశాయి. నిజానికి 1997లో ఆమెకు పేటెంట్ వచ్చిన బొమ్మ వేరు. అది వేలి కొన మీద నిలిపి తిప్పే గుండ్రటి మూత లాంటిది. రుసుము కట్టకపోవడంతో ఆ పేటెంట్ 2005లోనే రద్దయింది. ఇప్పటి స్పిన్నర్‌కు దగ్గరగా ఉన్నది 2014లో స్కాట్ మెకాస్కరీ అనే అమెరికన్ తయారుచేసిన టార్క్‌బార్. 2016లో ఫిడ్జెట్ క్యూబ్ అనే ఆరు ముఖాల బొమ్మకు కిక్‌స్టార్టర్ వేదికపై జనం 60 లక్షల డాలర్లకు పైగా ముందుగానే చెల్లించారు. ఆ తర్వాత ఊరూరా కనిపించిన పాప్ ఇట్ ఇంకా పాతది. థియో, ఓరా కోస్టర్ అనే దంపతులు 1975లోనే దాని ఊహకు రూపమిచ్చారు.

మన దగ్గర చూసినా బొంగరం, గవ్వలు, జపమాల, తస్బీహ్ అన్నీ చేతికి పని పెట్టేవే. జపమాల ఉద్దేశం వేరే కావచ్చు. కానీ వేళ్లు ఒకే లయలో కదులుతుంటే మనసు కుదురుగా ఉంటుందన్న అనుభవం చాలా సంస్కృతుల్లో కనిపిస్తుంది.

బొమ్మ లోపలి భౌతికశాస్త్రం

స్పిన్నర్‌ను ఒక్కసారి తిప్పితే అంతసేపు ఎలా తిరుగుతుంది? ఇందులో రెండు కిటుకులు ఉన్నాయి.

మొదటిది బరువు ఉన్న చోటు. స్పిన్నర్‌లో బరువంతా రెక్కల చివర్లలో ఉంటుంది. తిరిగే వస్తువు తన వేగంలో మార్పును ఎంతగా ఎదిరిస్తుందో చెప్పేది జడత్వ భ్రామకం. అది ద్రవ్యరాశితో పాటు, ఇరుసు నుంచి ఉన్న దూరపు వర్గం మీద ఆధారపడుతుంది. అంటే అదే బరువును రెట్టింపు దూరంలో పెడితే జడత్వ భ్రామకం నాలుగు రెట్లవుతుంది.

రెండోది మధ్యలో ఉండే బాల్ బేరింగ్. ఒక ఉపరితలం మీద మరొకటి జారితే ఘర్షణ ఎక్కువ. మధ్యలో గోళీలు దొర్లితే చాలా తక్కువ. చాలా స్పిన్నర్లలో ఉండేది 22 మిల్లీమీటర్ల వ్యాసమున్న 608 రకం బేరింగ్. స్కేటింగ్ చక్రాల్లో ఉండేదీ ఇదే. బేరింగ్‌లో చిక్కటి గ్రీజు ఉంటే అది వేగాన్ని తగ్గిస్తుంది. అందుకే ఎక్కువసేపు తిరగాల్సిన స్పిన్నర్లలో పలుచటి నూనె మాత్రమే వాడతారు. 2017లో జపాన్‌కు చెందిన బేరింగుల సంస్థ మినేబియా మిత్సుమి తయారుచేసిన స్పిన్నర్ ఒకే వేలి మీద 24 నిమిషాలకు పైగా తిరిగి గిన్నిస్ రికార్డు సాధించింది.

ఒక చిన్న లెక్క వేద్దాం. ఒక్కోటి 15 గ్రాముల బరువున్న మూడు రెక్కలు, మధ్య నుంచి 2.5 సెంటీమీటర్ల దూరంలో, సెకనుకు 20 సార్లు తిరుగుతున్నాయి అనుకోండి. అందులో ఉన్న గతిజశక్తి సుమారు 0.22 జౌళ్లు. వంద గ్రాముల వస్తువును జానెడు ఎత్తుకు లేపడానికి ఇంతే శక్తి చాలు. అంటే వేలితో ఒక్క చిన్న తోపు. ఇంత తక్కువ శ్రమకు అంతసేపు కదలిక కనిపించడమే ఈ బొమ్మ ఆకర్షణ.

తిరుగుతున్న స్పిన్నర్‌ను పక్కకు వంచి చూడండి. అది మొరాయిస్తున్నట్టు చేతికి తెలుస్తుంది. తిరిగే వస్తువు తన కోణీయ ద్రవ్యవేగం దిశను తేలిగ్గా మార్చుకోదు. తిరుగుతున్న బొంగరం పడిపోకుండా నిలబడటంలోనూ ఈ సూత్రమే ఉంది. 2017 డిసెంబరులో నాసా విడుదల చేసిన వీడియోలో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలోని వ్యోమగాములు ఒక స్పిన్నర్‌ను తిప్పి గాల్లో వదిలేశారు. పట్టుకునే చెయ్యి లేకపోవడంతో మధ్య భాగం, రెక్కలు క్రమంగా ఒకే వేగానికి చేరి మొత్తం కలిసి తిరిగాయి.

భౌతికశాస్త్రం ఇంతవరకు తేట తెల్లం. చిక్కంతా బొమ్మ నుంచి మెదడు దగ్గరికి వచ్చినప్పుడే.

మెదడుకు కదలిక ఎందుకు?

మన అరచేతిలో, వేళ్లలో సుమారు 17 వేల స్పర్శ గ్రాహకాలు ఉన్నాయి. మెదడులో స్పర్శను గుర్తించే పొరలో చేతికి దక్కిన చోటు దాని పరిమాణంతో పోలిస్తే చాలా ఎక్కువ. కాబట్టి వేళ్లు చిన్నగా కదిలినా మెదడుకు బోలెడు సమాచారం చేరుతుంది.

మరోవైపు మెదడు బాగా పనిచేయాలంటే దానికి ఒక మోస్తరు మెలకువ, ఉత్తేజం కావాలి. మరీ తక్కువైతే నిద్ర ముంచుకొస్తుంది. మరీ ఎక్కువైతే కంగారు. 1908లో యెర్క్స్, డాడ్సన్ అనే అమెరికన్ శాస్త్రవేత్తలు ఎలుకలతో చేసిన ప్రయోగాల నుంచి ఈ ఆలోచన మొదలైంది. విసుగు పుట్టించే పని చేసేటప్పుడు చేతికి చిన్న కదలిక ఉంటే మెదడు తగిన స్థాయిలో మెలకువగా ఉంటుందన్నది ఫిడ్జెట్ బొమ్మలను సమర్థించేవారి వాదన.

ఆ వాదనకు కొంత బలముంది. బ్రిటన్‌లోని ప్లిమత్ విశ్వవిద్యాలయానికి చెందిన జాకీ ఆండ్రేడ్ 40 మందికి ఒక చప్పటి ఫోన్ సందేశం వినిపించారు. ఒక విందుకు ఎవరెవరు వస్తున్నారన్నదే అందులో విషయం. సగం మందిని వింటూ కాగితం మీది బొమ్మలకు పెన్సిలుతో రంగు నింపమన్నారు. తర్వాత అడిగితే అలా గీసినవారు మిగతావారికంటే 29 శాతం ఎక్కువ వివరాలు గుర్తుపెట్టుకున్నారు. పిచ్చిగీతలు గీసే చెయ్యి మనసును పగటికలల్లోకి జారనివ్వకుండా ఆపిందని ఆమె వివరణ.

స్పిన్నర్ పరీక్షలో ఎందుకు తప్పింది?

అయితే స్పిన్నర్ కూడా అలాగే పనిచేస్తుందా? అమెరికాలోని శాంతాక్రజ్‌లో సోరెస్, స్టార్మ్ అనే పరిశోధకులు విద్యార్థులకు పాఠాల వీడియోలు చూపించారు. కొందరి చేతిలో స్పిన్నర్ ఉంది, కొందరి చేతిలో లేదు. స్పిన్నర్ తిప్పినవారి ధ్యాస ఎక్కువసార్లు చెదిరింది. తర్వాత పెట్టిన పరీక్షలోనూ వారికే తక్కువ మార్కులు వచ్చాయి. స్పిన్నర్ మీద మంచి అభిప్రాయంతో వచ్చినవారి విషయంలోనూ ఫలితం మారలేదు.

ఏడీహెచ్‌డీ, అంటే ధ్యాస నిలపలేకపోవడం, అతి చురుకుదనం ఉన్న 60 మంది చిన్నపిల్లలపై ఫ్లోరిడాలో గ్రాజియానో బృందం తరగతి గదిలోనే పరిశీలన చేసింది. స్పిన్నర్ ఇచ్చిన కొత్తలో పిల్లలు అటూ ఇటూ తిరగడం కాస్త తగ్గింది. కొన్నాళ్లకు ఆ తేడా పోయింది. పాఠం మీద ధ్యాస తప్పడం మాత్రం మొదటి నుంచి చివరి వరకు ఎక్కువగానే ఉంది. బయటికి కుదురుగా కనిపించిన పిల్లవాడు పాఠం వింటున్నట్టు కాదన్నమాట.

కారణం ఊహించడం కష్టం కాదు. పెన్సిలుతో గీతలు గీయడానికి పెద్దగా ఆలోచన అక్కర్లేదు. స్పిన్నర్ అలా కాదు. అది కంటిని లాగుతుంది. ఎంతసేపు తిరుగుతుందో చూడాలనిపిస్తుంది, వేలి మీద నిలబెట్టాలనిపిస్తుంది, పక్కవాడికి చూపించాలనిపిస్తుంది. ధ్యాసకు తోడుగా ఉండాల్సిన బొమ్మ ధ్యాసనే అడుగుతోంది.

దీనికి భిన్నంగా, అమెరికాలో 29 మంది ఆరో తరగతి విద్యార్థులకు మెత్తటి స్ట్రెస్ బంతులు ఇచ్చి చూసిన ఒక చిన్న అధ్యయనంలో పాఠం వేళ ధ్యాస చెదరడం తగ్గింది. బంతిని చూడాల్సిన పని లేదు, చప్పుడు లేదు, గెలుపోటములు లేవు. అధ్యయనం చిన్నదే అయినా తేడా ఎక్కడుందో సూచిస్తుంది.

ఒత్తిడి సంగతి ఏమిటి?

ఒత్తిడి, ఏకాగ్రత ఒకటి కావు. స్ట్రెస్ బంతులకు కాస్త మెరుగైన ఆధారం ఒత్తిడి విషయంలోనే ఉంది. బ్రిటన్‌లో ఉబ్బిన సిరలకు మెలకువగా ఉండగానే శస్త్రచికిత్స చేయించుకున్న 398 మందిపై ఒక అధ్యయనం జరిగింది. కొందరికి సంగీతం, కొందరికి సినిమా, కొందరికి పక్కన కూర్చుని మాట్లాడే నర్సు, కొందరికి పిసకడానికి బంతులు. బంతులు పట్టుకున్నవారిలో ఆందోళన, నొప్పి రెండూ తగ్గాయి. మాట్లాడే నర్సు దొరికినవారిలోనూ అంతే.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. శస్త్రచికిత్స వేళ రోగికి కావాల్సింది ధ్యాస మళ్లడమే. పాఠం వేళ విద్యార్థికి కావాల్సింది దానికి పూర్తిగా వ్యతిరేకం. ఒకచోట మేలు చేసిన గుణమే మరోచోట కీడు చేయవచ్చు. ఇంజెక్షన్ అంటే భయపడే పిల్లవాడి చేతిలో స్పిన్నర్ మంచి తోడు. లెక్కల తరగతిలో అదే స్పిన్నర్ అడ్డంకి. బంతి పిసికితే ఆ క్షణం తేలిక పడవచ్చు గానీ, ఒత్తిడికి మూలమైన పరీక్షో అప్పో ఇంటి గొడవో అలాగే ఉంటుంది.

కదలడం క్రమశిక్షణ లేకపోవడం కాదు

బొమ్మ పనిచేయలేదంటే కదలకుండా కూర్చోబెట్టడమే మంచిదని అనుకుంటే పొరపాటు. అమెరికాలో 8 నుంచి 12 ఏళ్ల అబ్బాయిలకు విన్న అంకెలు, అక్షరాలను మనసులోనే క్రమంలో పెట్టి చెప్పే పరీక్షలు పెట్టారు. ఏడీహెచ్‌డీ ఉన్నవారు కుర్చీలో ఎంత కదిలితే అంత బాగా చెప్పారు. ఏడీహెచ్‌డీ లేనివారిలో ఇది తిరగబడింది. మరో అధ్యయనంలో ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లల చీలమండకు కదలికలను కొలిచే పరికరం కట్టారు. సరైన జవాబులు ఇచ్చిన సందర్భాల్లో వారి కదలిక మరింత జోరుగా ఉంది.

కాబట్టి ఒక పిల్లవాడికి కాలు ఊపడం అల్లరి కాకపోవచ్చు. పాఠంలో నిలబడటానికి అతను పడుతున్న పాటు కావచ్చు. వెనుక బెంచీలో నిలబడి రాసుకోనివ్వడం, నోటు పుస్తకాలు పంచే పని చెప్పడం, పాఠాల మధ్య రెండు నిమిషాలు ఒళ్లు విరుచుకోనివ్వడం వంటి వాటికి రూపాయి ఖర్చుండదు.

కొనేముందు చూడాల్సినవి

చదువుకునే వేళకైతే కంటితో చూడకుండా వాడగలిగేది, చప్పుడు చేయనిది, జేబులో ఇమిడేది ఎంచుకోండి. మెత్తటి బంతి చాలు. వారం పాటు వాడి, హోంవర్కు నిజంగా త్వరగా పూర్తవుతోందా లేదా చూసుకోండి. తేడా లేకపోతే ఆట వేళకు మార్చండి.

భద్రత అంతకంటే ముఖ్యం. ఊడివచ్చే చిన్న భాగాలు పసిపిల్లల గొంతులో అడ్డుపడతాయి. వెలుగులు చిమ్మే స్పిన్నర్లలోని గుండీ బ్యాటరీని మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోయే ప్రమాదం ఉంది. ఒకటికంటే ఎక్కువ అయస్కాంతాలు మింగితే అవి పేగుల గోడలను మధ్యలో నొక్కిపట్టి చిల్లులు పెట్టగలవు. ఇలా జరిగిందన్న అనుమానం వచ్చినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. 2017లో అమెరికాలో కొన్ని ఇత్తడి స్పిన్నర్లలో పిల్లల వస్తువులకు ఉన్న పరిమితిని ఎన్నో రెట్లు మించి సీసం బయటపడింది. మన దేశంలో 14 ఏళ్లలోపు పిల్లల బొమ్మలకు 2021 జనవరి 1 నుంచి బీఐఎస్ ప్రమాణాలు తప్పనిసరి. ఐఎస్ఐ గుర్తు ఉందో లేదో చూసి కొనండి. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడు కర్రతో చేసి, లక్కలో సహజ రంగులు కలిపి పూత వేసే బొంగరాలు ఇప్పటికీ దొరుకుతున్నాయి. కోణీయ ద్రవ్యవేగం నేర్పడానికి అవీ స్పిన్నర్‌కు ఏమాత్రం తీసిపోవు.

బొమ్మ చికిత్స కాదు

అసలు ప్రమాదం బొమ్మలో కంటే అది ఇచ్చే భరోసాలో ఉంది. ధ్యాస నిలవకపోవడం ఇంట్లోనూ బడిలోనూ నెలల తరబడి కనిపిస్తూ, చదువును, స్నేహాలను దెబ్బతీస్తుంటే పరీక్ష చేయించాలి. కారణం ఏడీహెచ్‌డీయే కానక్కర్లేదు. చూపు మందగించడం, వినికిడి లోపం, నిద్ర చాలకపోవడం, చదవడంలో ఇబ్బంది, దిగులు కూడా ఇలాగే కనిపిస్తాయి. పిల్లల ఎదుగుదల సమస్యల కోసం జాతీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా సత్వర చికిత్సా కేంద్రాలు ఉన్నాయి. మానసిక ఒత్తిడితో సతమతమయ్యేవారు ఏ వయసువారైనా టెలీ మానస్ 14416 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

స్పిన్నర్ మంచి బొమ్మ. భౌతికశాస్త్రాన్ని చేతిలో పెట్టి చూపిస్తుంది. దాన్ని బొమ్మగానే ఇవ్వండి. ఈసారి పిల్లవాడు పాఠం వింటూ చేతులు ఆడిస్తుంటే, తిట్టే ముందు ఇప్పటిదాకా చెప్పింది ఏమిటో ఒకసారి అడిగి చూడండి. సరిగ్గా చెప్పాడా, ఆ చేతులను వాటి మానాన వదిలేయండి. చెప్పలేకపోయాడా, చేతులను కాదు, కారణాన్ని వెతకండి.