గ్రంథాలయ పట్టికను నోటిమాటతో వెదకుట



మీ మిరప పూవులలో నల్లని సన్న పురుగులు కనబడినవనుకొనుడు. మందుల దుకాణమునకు పోవుటకు ముందే దాని సంగతి చదివి తెలిసికొనుట మంచిది. వ్యవసాయ విశ్వవిద్యాలయములలో జరిగిన పరిశోధనల సిద్ధాంత వ్యాసములు నేడు కృషికోశ్ అను అంతర్జాల భాండాగారమున చేర్చబడియున్నవి. మాచర్లలో కూర్చుండియే దాని పట్టికను సెల్ ఫోనులో వెదకవచ్చును. వేలితో అక్షరములు కొట్టుట విసుగైనవారు నోటితో చెప్పవచ్చును. గూగుల్ సంస్థ 2017 ఆగస్టులో తెలుగు మాటను వ్రాతగా మార్చు సదుపాయము కల్పించినది. అక్షరముల పలకపై మైకు బొమ్మను తాకి మాటలాడినచో అవి లిపిలో పడును.

అయినను చిక్కు మిగిలియే యున్నది. పట్టికకు చెవి లేదు. అక్షరములే దానికి ఆధారము. మనకు ఒకటే అయిన పంట దానికి శనగ, శెనగ, సెనగ అని మూడు. పత్తి అని వెదకినచో ప్రత్తి అని అచ్చైన పుస్తకము తగులకపోవచ్చును. ఇంగ్లీషు లిపిలో మరింత గందరగోళము. గురజాలను కొందరు జడ్ అక్షరముతోను, కొందరు జె అక్షరముతోను వ్రాయుదురు.

ఈ ఇబ్బంది ఇంగ్లీషు పేర్లకును కలదు. అందుకై అమెరికాలో రాబర్ట్ రస్సెల్ 1918లో ఒక ఉపాయమునకు పేటెంటు పొందెను. తరువాత సవరింపబడిన ఆ పద్ధతినే సౌండెక్స్ అందురు. పేరులో మొదటి అక్షరమును ఉంచి, తరువాతి అచ్చులను విడిచి, దగ్గరి ధ్వనులు గల హల్లులకు ఒకే అంకె నిత్తురు. జడ్ కును, జె కును 2. ఆర్ కు 6. ఎల్ కు 4. గురజాలను ఎట్లు వ్రాసినను జి-624 అగును. రెండును ఒకేచోట దొరకును. కాని మాచర్లలో ‘సి’కి ముందు ‘టి’ చేర్చి వ్రాసినచో ఎం-264 కావలసినది ఎం-326 అగును. అక్కడ ఉపాయము తప్పినది. పరాయి భాషకై కుట్టిన చొక్కా మనకు సరిగా పట్టునా? మీరు వెదకు పట్టికలో ధ్వనినిబట్టి కలుపు ఏర్పాటు లేనప్పుడు ఆ పని మీరే చేయవలెను. ఒక వ్రాతకు ఫలితము రానిచో రెండవది, మూడవది ప్రయత్నింపుడు.

దీనికంటె పెద్ద ప్రమాదము ఒకే ధ్వనికి పలు అర్థములుండుట. ‘తామర’ అని మాత్రము పలికినచో పూవు రావచ్చును, చర్మవ్యాధి రావచ్చును. ‘తామర పురుగు’ అన్నను చాలదు. మనము చిరకాలముగా ఎరిగిన తామర పురుగు లేతపసుపు రంగుది; ఆకులను పీల్చి పైముడత తెచ్చును. నల్లది వేరు జాతి. శాస్త్రజ్ఞులు దానిని త్రిప్స్ పార్విస్పైనస్ అందురు. మనదేశమున 2015లో బొప్పాయిపై కనబడిన ఈ పురుగు 2021లో మన మిరప తోటలలో విజృంభించి, పూవులలో గుంపులుగా చేరి, పూత రాల్చి, కాయ కట్టనీయలేదు. పాత పురుగుపై వ్రాసినది చదివి క్రొత్తదానికి మందు కొన్న రైతు డబ్బును, అదనును కూడ పోగొట్టుకొనును. కావున ‘మిరప పూతలో నల్ల తామర పురుగు’ అని వాక్యముగా పలుకుడు. యంత్రము ఇరుగుపొరుగు మాటలనుబట్టి ఏ మాటయో ఊహించును గనుక విడిమాటకంటె వాక్యమును బాగుగా పట్టును. నడుచుచున్న ఇంజను ప్రక్కన నిలిచి చెప్పరాదు. లిపిలో పడినదానిని ఒకసారి చదివి చూచిన పిమ్మటనే వెదకుడు.

సిద్ధాంత వ్యాసములు చాలవరకు ఇంగ్లీషులోనే కలవు. తెలుగు మాటతో ఏమియు రానిచో మైకు భాషను ఇంగ్లీషునకు మార్చి ‘చిల్లీ బ్లాక్ త్రిప్స్’ అనుడు. శాస్త్రీయ నామమును యంత్రము తరచు తప్పుగా వినును. దానిని ఏదైన వ్యాసమునుండి నకలు చేసి అతికించుట మేలు.

చూపు మందగించిన పెద్దలకు ఫలితములను చదివి వినిపించు ఏర్పాటు కూడ కలదు. ఆండ్రాయిడ్ ఫోనులో దీనిని టాక్‌బ్యాక్ అందురు. ఇది పనిచేయుచున్నప్పుడు ఒకసారి తాకినచో పేరు చదువును. రెండుసార్లు వెంటవెంటనే తట్టినగాని తెరువదు. ఫోను చెడినదని కంగారుపడవలదు. ఫొటోగా ఎక్కించిన పాత పుటలను మాత్రము ఇది చదువలేకపోవచ్చును. అట్టి వ్యాసము దొరికినచో దాని పేరు, సంవత్సరము వ్రాసికొని మీ రైతు సేవా కేంద్రములోని వ్యవసాయ సహాయకునికి చూపుడు. పురుగు పట్టిన పూవులు నాలుగు కాగితపు సంచిలో వేసి వెంట తీసికొనిపొండు. పోవుటకు వీలులేనివారు 1800-180-1551 కిసాన్ కాల్ సెంటరునకు ఫోను చేసి తెలుగులోనే అడుగవచ్చును.