రింగు వల

రింగు వల సముద్రపు పైపొరలలో గుంపులుగా తిరిగే చేపలను చుట్టుముట్టి పట్టడానికి ఉపయోగించే ఒక రకమైన పెద్ద వల. అడుగు అంచున వరుసగా రింగులు, వాటి గుండా సాగే తాడు ఉండటం వలన దీనికి ఈ పేరు వచ్చింది. పర్స్ సీన్ వల కూడా ఇదే సూత్రముపై పనిచేస్తుంది. కవళ్ళు, కానాగంతలు, నెత్తళ్ళు, సూర వంటి చేపలు దీనికి ఎక్కువగా చిక్కుతాయి. ఆంధ్రప్రదేశ్ తీరములో, ముఖ్యముగా విశాఖపట్నం పరిసరాలలో, ఈ వల మత్స్యకారుల మధ్య తీవ్ర వివాదమునకు కారణమైనది.

నిర్మాణము, వేసే విధానము

వల పై అంచుకు బెండ్లు, క్రింది అంచుకు బరువులు కడతారు. బెండ్ల వలన పై అంచు నీటిపై తేలుతుంది, బరువుల వలన క్రింది అంచు లోతుకు దిగుతుంది. చేపల గుంపు కనబడగానే పడవను దాని చుట్టూ త్రిప్పుతూ వలను విడుస్తారు. వలయము పూర్తి అయిన తరువాత రింగుల గుండా ఉన్న తాడును లాగితే వల అడుగు భాగము సంచి మూతివలె ముడుచుకుంటుంది. గుంపు మొత్తము లోపల చిక్కుకుంటుంది. ఈ వల పొడవు కొన్ని వందల మీటర్లు ఉంటుంది. ఒక్కొక్క వలకు పదుల సంఖ్యలో మనుషులు అవసరమవుతారు. వల, పడవ, ఇంజను కలిపి పెట్టుబడి లక్షల రూపాయలలో ఉండటం వలన పలు కుటుంబాలు కలిసి భాగస్వాములుగా కొనడము పరిపాటి.

వ్యాప్తి

1970ల మధ్యలో కర్ణాటక తీరములో పర్స్ సీన్ పడవలు ప్రవేశించాయి. గట్టు మీద నిలబడి లాగే రంపణి వలల మీద ఆధారపడినవారు దానిని వ్యతిరేకించారు. కాలక్రమేణా రంపణి వలలు క్షీణించాయి. 1980లలో కేరళలో రింగు వల వ్యాపించింది. అక్కడ దీనిని చేపట్టినది సంప్రదాయ మత్స్యకారులే. అందుచేత ఈ వివాదమును కేవలము పెద్ద మరపడవలకు, చిన్న తెప్పలకు మధ్య పోటీగా చూడడము సరికాదు. ఒకే కులమునకు చెందిన పొరుగు పల్లెల మధ్య కూడా ఇది తలెత్తుతున్నది.

చేపల వృథా

గుంపు మొత్తమును చుట్టడము వలన పెద్ద చేపలతో పాటు పిల్ల చేపలు కూడా పడతాయి. వల కన్ను చిన్నదైతే ఈ నష్టము పెరుగుతుంది. గ్రుడ్లు పెట్టే వయసు రాకముందే చేపలను పట్టివేస్తే తరువాతి కాలములో ఆ జాతి తగ్గిపోతుంది. పడవ మోయలేనంత చేప పడినప్పుడు కొంత భాగమును తిరిగి సముద్రములో వదిలివేస్తారు. వలలో నలిగిన చేపలలో చాలా భాగము బ్రతకదు. ఒకే రోజు ఎక్కువ సరుకు ఒడ్డుకు చేరితే ధర పడిపోతుంది. మంచు, నిల్వ సౌకర్యము చాలని చోట మిగిలిన చేప ఎండబెట్టడానికో, దాణాకు వాడే చేపల పొడికో తక్కువ ధరకు పోతుంది. ధర పడిన నాడు, చిన్న వలతో కొద్దిపాటి చేప తెచ్చినవారు కూడా నష్టపోతారు.

రింగు వల వాడేవారి వాదన వేరు. ఈ వల ట్రాల్ వలవలె సముద్రగర్భమును గీరదని, గుంపును చూసి వేస్తారు కనుక ఇతర జాతులు తక్కువగా పడతాయని వారు అంటారు.

చట్టము

భారత రాజ్యాంగము ప్రకారము చేపల వేట రాష్ట్ర జాబితాలోనిది; ప్రాదేశిక జలాల ఆవలి వేట కేంద్ర జాబితాలోనిది. ప్రాదేశిక జలాలు 12 నాటికల్ మైళ్ళ (సుమారు 22 కిలోమీటర్లు) వరకు ఉంటాయి. ఆంధ్రప్రదేశ్‌లో 1994 నాటి సముద్ర చేపల వేట నియంత్రణ చట్టము అమలులో ఉన్నది. దీని క్రింద తీరము నుండి 8 కిలోమీటర్ల వరకు సంప్రదాయ వేటకు కేటాయించారు. తూర్పు తీరములో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేటపై నిషేధము ఉంటుంది.

తమిళనాడు ప్రభుత్వము పర్స్ సీన్ వలలను నిషేధించింది. దీనిపై 2023 జనవరిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇస్తూ, 12 నాటికల్ మైళ్ళ ఆవల వారానికి రెండు రోజులు, సోమ, గురు వారాలలో, షరతులతో వేటకు అనుమతించింది.

విశాఖపట్నం వివాదము

ఇక్కడి వివాదము ప్రధానముగా 8 కిలోమీటర్ల హద్దు గురించినది. రింగు వలలు హద్దు లోపలికి వస్తే తమకు చేప మిగలదని సంప్రదాయ వలలవారు వాదిస్తారు. గుంపులు ఒడ్డుకు దగ్గరగా తిరిగేటప్పుడు వాటిని విడిచిపెట్టి దూరము పోలేమని, అప్పు చేసి కొన్న వలలను మూలన పడవేయలేమని రింగు వలలవారు అంటారు. 2022 జనవరిలో పెదజాలారిపేట, వాసవానిపాలెం తదితర పల్లెల వారి మధ్య ఘర్షణ జరిగి పడవలు దగ్ధమయ్యాయి. పల్లెలలో 144వ సెక్షను విధించారు. అధికారులు ఉభయ పక్షాలతో చర్చలు జరిపినా, అదే సంవత్సరములో మళ్ళీ ఉద్రిక్తత ఏర్పడింది. సముద్రములో హద్దు కంటికి కనబడదు. గస్తీ పడవలు, జి.పి.ఎస్. పరికరాలు లేనిదే ఎవరు దానిని దాటారో తేల్చడము కష్టము.

విడిచిన వలలు

రాళ్ళకు, మునిగిన ఓడలకు తగిలి చిరిగిన వలలను, గాలివానలలో కొట్టుకుపోయిన వలలను, వివాదాలలో తెగగొట్టిన వలలను తిరిగి తీయడము అరుదు. పూర్వపు నూలు, జనపనార వలలు కొంతకాలానికి కుళ్ళిపోయేవి. నైలాను వలలు ఏళ్ళ తరబడి నిలుస్తాయి. మనిషి లేకుండానే ఇవి చేపలను, పీతలను, సముద్రపు తాబేళ్ళను పట్టి చంపుతూ ఉంటాయి. నీటిలో నిలువుగా వ్రేలాడి చేపల మొప్పలను పట్టే గిల్ వలల విషయములో ఈ ప్రమాదము ఎక్కువ. ఓడల కాలుష్యమునకు సంబంధించిన మార్పోల్ ఒప్పందములోని ఐదవ అనుబంధము (1988 నుండి అమలు) వలలతో సహా ప్లాస్టిక్ వస్తువులను సముద్రములో పారవేయడమును నిషేధించింది. అయితే ప్రమాదవశాత్తూ పోయిన వలకు ఇది వర్తించదు. చిరిగిన వలను ఒడ్డుకు తెచ్చినవారికి ధర చెల్లించి కొనడము, వలకు యజమాని గుర్తు వేయడము దీనికి సూచింపబడిన నివారణోపాయాలు.

ఇవి కూడా చూడండి

అలివి వల
మరపడవ
ఆలివ్ రిడ్లే తాబేలు