దూరపు కొలువు - దేహపు గడియారము

శృంగవరపుకోట స్టేషను దాటిన రైలు బొడ్డవర, శివలింగపురము మీదుగా పోవుచు కొండ నెక్కసాగును. సిమిలిగూడ చేరునప్పటికి సముద్రమట్టమునకు 996 మీటర్ల ఎత్తున నుండును. బైలదిల్లా ఇనుపరాతిని విశాఖపట్టణము రేవునకు దింపుటకై 1960 దశకమున వేసిన దారి యిది. ఈ దారిన అరకు పోవువారిలో నేడు ఒక కొత్త తరగతి ప్రయాణికులు కనిపించుచున్నారు. వీరి భుజమున సంచి, సంచిలో లాప్‌టాప్ ఉండును. అరకులో నాలుగు దినములు ఉందురు గాని సెలవు పెట్టరు. కొలువు వీరి వెంటనే కొండ యెక్కును.

2020లో కోవిడ్ వ్యాధి కారణముగా కార్యాలయములు మూతపడినపుడు, నగరములు విడిచి సొంత ఊళ్లకు వచ్చి ఇంటినుండి పనిచేయుటకు అలవాటుపడినవారు పలువురు. ఇట్టివారి ఆరోగ్యమును గూర్చి మాట వచ్చినపుడు కుర్చీ ఎట్లుండవలెను, కన్నులకు ఎంత విశ్రాంతి కావలెను అను సంగతులే ముందుగా చెప్పుదురు. అవియు చెప్పదగినవే. కాని వానికన్న పెద్ద చిక్కు వేరొకటి కలదు.

శృంగవరపుకోటలో తన ఇంట కూర్చుండి న్యూయార్కు కంపెనీకి పనిచేయు యువకుని తీసికొందము. అక్కడ ఉదయము 9 గంటలైనపుడు ఇక్కడ శీతకాలములో రాత్రి 7-30. అక్కడ సాయంత్రము 5 గంటలకు పని ముగియునప్పటికి ఇక్కడ తెల్లవారుజాము 3-30. ఇతడు ఊరి పొలిమేర దాటలేదు. అయినను ఇతని పనిదినము సముద్రములు దాటిపోయినది. దేహము మాత్రము శృంగవరపుకోట సూర్యునే నమ్ముకొని యున్నది.

దేహమునకు సొంత గడియారము ఒకటి కలదను సంగతికి మొదటి ఆధారము ఒక మొక్కనుండి దొరకినది. మన దారుల ప్రక్కన పెరుగు అత్తిపత్తి రాత్రివేళ ఆకులు ముడుచుకొని పగలు విప్పును. 1729లో మేరాన్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఇట్టి మొక్క నొకదానిని చీకటిలో ఉంచి చూచెను. వెలుతురు సోకకున్నను అది వేళకు ఆకులు విప్పుచునే యుండెను! కణములలోని జన్యువులు ఈ గడియారమును నడుపు తీరును ఈగలలో కనుగొన్నందులకు హాల్, రాస్‌బాష్, యంగ్ అను ముగ్గురు అమెరికా శాస్త్రజ్ఞులకు 2017లో నోబెల్ బహుమానము లభించినది.

మానవునిలో ప్రధాన గడియారము మెదడు అడుగుభాగమున, రెండు కంటి నాడులు కలిసికొను చోటికి పైన ఉన్నది. దానికి వదలివేసినచో అది 24 గంటలకన్న కొద్దిగా ఆలస్యముగా తిరుగును. ఆ తప్పును ప్రతిదినము దిద్దునది కంటిలో పడు వెలుతురే. చీకటి పడగానే మెలటోనిన్ అను రసము రక్తములోనికి వచ్చి నిద్రకు సిద్ధపరచును. కాని ఎదుట తెర వెలుగుచున్నంతసేపు దాని రాక తగ్గును. తెల్లవారుజామున, అందరును గాఢనిద్రలో నుండు వేళ, దేహపు వేడిమి దినములోకెల్ల తక్కువ స్థాయికి దిగును. మెలకువయు అప్పుడే అన్నిటికన్న మందగించును.

కొండ ప్రయాణమునకు ఈ సంగతి ప్రాణముతో ముడిపడినది. పైని చెప్పిన యువకుడు ఉదయము 10 గంటలకు లేచి, రాత్రి పని 3-30కి ముగించి, అనంతగిరి పొగమంచు చూడవలెనని 5 గంటలకు మోటారుసైకిలు ఎక్కినాడనుకొందము. అప్పటికి అతడు మేలుకొని 19 గంటలైనది. 1997లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు చేతికిని కంటికిని గల పొందికను పరీక్షించిరి. 17 గంటలు మేలుకొన్న మనిషి, రక్తములో 100 మిల్లీలీటర్లకు 50 మిల్లీగ్రాముల మద్యమున్న వానివలెనే తప్పులు చేసెను. మన దేశపు మోటారు వాహనముల చట్టము 30 మిల్లీగ్రాములు దాటిన వానిని బండి నడపనీయదు. చుక్క ముట్టని మన యువకుడు ఘాటు మలుపులలో ఏ స్థితిలో ఉన్నాడో పాఠకులే ఊహింపవచ్చును. నిద్ర లేమిని గొట్టములో ఊదించి పట్టుకొను పరికరము లేదు గదా.

కావున ప్రయాణమునకు ముందు నిద్ర తీరవలెను. పని ముగిసిన రాత్రి పడుకొని, లేచిన తరువాతనే బయలుదేరుట మేలు. రైలైనచో నడుపు బాధ్యత ఉండదు. కాని ఈ మార్గములో సొరంగములు ఏబదికి పైబడి ఉన్నవి. ఫోను సంబంధము తెగుచుండును గనుక ఆ వేళ సమావేశములు పెట్టుకొనుట వ్యర్థము. బస్సులో లాప్‌టాప్ తెరచుట మరియు చెడ్డది. కన్ను కదలని అక్షరములను చూచుచుండగా లోపలి చెవి మలుపు మలుపును మెదడునకు తెలుపుచుండును. ఈ రెండు సాక్ష్యములు పొసగక కడుపులో తిప్పును. దూరపు కొండను చూచుచున్నచో వికారము తగ్గును, దగ్గరి చూపుతో బిగిసిన కంటి కండరమునకును విశ్రాంతి దొరకును.

అరకు చేరిన తరువాత కాఫీ సంగతి. దాని రుచిని కాదనరాదు గాని, త్రాగిన 5 గంటలకు కూడ అందలి కెఫీన్‌లో ఇంచుమించు సగము దేహములోనే యుండును. తెల్లవారుజామున పడుకొనువాడు అర్ధరాత్రి దానిని త్రాగరాదు. ఆ ఎత్తున మైదానముకన్న సుమారు 5, 6 డిగ్రీలు చల్లగా నుండుట నిద్రకు అనుకూలమే.

ఊర నున్నను, కొండపై నున్నను ప్రతిదినము తప్పక నిద్రించు నాలుగు గంటలను నిర్ణయించుకొనవలెను. మిగిలిన నిద్ర అటునిటు జరిగినను ఆ నాలుగు గంటలు లంగరువలె గడియారమును నిలుపును. ఉదయము 4 మొదలు 8 వరకని పెట్టుకొన్నచో సెలవుదినములందును అదియే వేళ. సాయంత్రము గదిలో మంచి వెలుతురు ఉండవలెను. పడుకొనునపుడు కిటికీకి దట్టమైన తెర కావలెను. ఇంటివారి సహాయము లేక ఇది సాగదు. ఎండ వచ్చినను లేవని పిల్లవానిని సోమరి యనుట మన పెద్దల అలవాటు. కుక్కరు ఈలయు, గుడి మైకును, “ఇంకా లేవలేదా నాయనా” అను పిలుపును ఆ నిద్రను ముక్కలు చేయును. అతడు పడుకొన్నది రాత్రి పదింటికి కాదని, నాలుగింటికని తల్లికి ఒక్కసారి వివరించి చెప్పినచో ఆమెయే అందరిని ఊరుకొనజేయును.

ఇంకొక చిక్కు కలదు. అమెరికాలో మార్చి నెల రెండవ ఆదివారమున గడియారములను ఒక గంట ముందుకు జరిపి, నవంబరు మొదటి ఆదివారమున వెనుకకు త్రిప్పుదురు. దానితో శృంగవరపుకోటలో పని 6-30కి మొదలగుటయో, 7-30కి మొదలగుటయో ఒక్క రోజులో మారిపోవును. అందులకు నాలుగు దినముల ముందునుండి నిద్రవేళను రోజుకు పావుగంట చొప్పున జరుపుకొని వచ్చిన, ఆ సోమవారము దేహమునకు కొత్త తోచదు.