ఐదో తేదీ నాలుగెందుకైంది?

సర్వేపల్లి రాధాకృష్ణన్ 1888 సెప్టెంబరు 5న తిరుత్తణిలో పుట్టారు. గురుపూజోత్సవం పుణ్యమా అని ఆ తేదీ బడిపిల్లలకూ కంఠతా వచ్చు. కంప్యూటర్ మాత్రం ఒక్కోసారి సెప్టెంబరు 4 అంటుంది.

చాలా ప్రోగ్రాములకు ఉత్త తేదీ చాలదు, కచ్చితమైన వేళ కావాలి. అది తెలియకపోతే అర్ధరాత్రి అనుకుని '1888-09-05 00:00:00+05:30' అని రాసుకుంటాయి. చివరి ముక్క ఆఫ్‌సెట్, అంటే గ్రీనిచ్ కన్నా ఐదున్నర గంటలు ముందని. ఈ వరసను విడదీసి అర్థం చేసుకోవడమే పార్సింగ్. లెక్క కడితే అది గ్రీనిచ్‌లో సెప్టెంబరు 4 సాయంత్రం 6:30. ఇంతవరకూ తప్పేమీ లేదు.

తిరిగి చూపేటప్పుడు ప్రోగ్రాము ఆ +05:30ని పక్కనపెట్టి 'ఏషియా/కోల్‌కతా' అనే కాలమండలం పేరును నమ్ముకుంటేనే చిక్కు. ఆ పేరు వెనక, గడియారాలు ఎప్పుడెంత మారాయో రాసి ఉంచిన పట్టిక ఒకటుంది. భారత ప్రామాణిక కాలం వచ్చింది 1906 జనవరి 1న. అంతకుముందు మన రైళ్లు మద్రాసు కాలంతో నడిచేవి. అందుకే పట్టికలో 1870 నుంచి 1905 దాకా తేడా 5 గంటల 21 నిమిషాల 10 సెకన్లు. సాయంత్రం 6:30కి దాన్ని కలపండి: రాత్రి 11:51:10. తొమ్మిది నిమిషాలు కూడా నిండని తేడాకు రోజే మారిపోయింది! పైగా ఇంటర్నెట్ తేదీల కోసం 2002లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 3339 ప్రమాణంలో ఆఫ్‌సెట్‌కు గంటలు, నిమిషాలే ఉన్నాయి. ఆ పది సెకన్లు రాయడానికి చోటే లేదు.

పాతకాలం గొడవ అని కొట్టిపారేయలేం. రెండో ప్రపంచ యుద్ధకాలంలో, 1942 సెప్టెంబరు నుంచి 1945 అక్టోబరు మధ్య దాకా, మన గడియారాలు ఇంకో గంట ముందుకు జరిగి +06:30 అయ్యాయి. అప్పుడు పుట్టిన తాతగారి తేదీని ఆ పట్టిక ప్రకారం దాచి, +05:30తో చదివితే ముందురోజు రాత్రి 11 అవుతుంది.

ఆఫ్‌సెట్ ఒక క్షణానికి సంబంధించిన అంకె, కాలమండలం ఒక ప్రాంతపు చరిత్ర. పుట్టినరోజుకు రెండూ అక్కర్లేదు. దాన్ని వేళ లేని తేదీగానే దాచాలి. అయినా జావాస్క్రిప్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషతో జాగ్రత్త: '1888-09-05' అని మాత్రమే ఇస్తే గ్రీనిచ్ అర్ధరాత్రిగా చదువుతుంది, డాలస్‌లోని మనవడి తెరమీద నాలుగో తేదీ సాయంత్రం ఆరు చూపిస్తుంది.