నడిసంద్రంలోని పడవలకు ఉపగ్రహ సందేశాలు

తీరానికి 10, 12 కిలోమీటర్లు దాటితే సాధారణంగా సెల్‌ఫోన్ సంకేతాలు అందవు. 2017లో ఓఖీ తుపాను సమయమున నడిసంద్రంలోని పలు పడవలకు హెచ్చరికలు చేరకపోవడం ప్రాణనష్టానికి దారితీసింది. ఈ లోపాన్ని సవరించుటకు 2019 అక్టోబరులో 'జెమిని' పరికరం ప్రవేశపెట్టబడింది. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ ఉపగ్రహం ద్వారా పంపే తుపాను, ఎత్తైన అలల హెచ్చరికలను, చేపలు లభించే ప్రాంతాల వివరాలను ఇది స్వీకరించి, బ్లూటూత్ ద్వారా మత్స్యకారుని సెల్‌ఫోన్‌కు అందజేస్తుంది. అయితే పడవ నుంచి తీరానికి సందేశం పంపే వీలు ఇందులో లేదు. ఆ అవసరాన్ని ఇస్రో రూపొందించిన ఆపద సంకేత పరికరం తీరుస్తుంది. 2024 జనవరిలో వెలువరించిన దాని రెండవ తరం, సంకేతం అందినట్లు పడవకు తిరుగు సమాచారమిస్తుంది. హెచ్చరిక పడవకు చేరుటకు ఒకటి, పిలుపు తీరానికి చేరుటకు మరొకటి. వేటకు బయలుదేరు పడవలో రెండూ ఉండుట ఆవశ్యకం.