ఏడు డాలర్ల నోటు!

ఒకటి, రెండు, అయిదు, పది, ఇరవై... ఏ దేశంలోనైనా కరెన్సీ నోట్లు ఇలాగే ఉంటాయి. మరి ఏడు డాలర్ల నోటు గురించి ఎప్పుడైనా విన్నారా? 2017లో ఫిజీ దేశం అలాంటి నోటును ముద్రించింది. దానిమీద ఉన్నది రాజుగారో రాణిగారో కాదు, రగ్బీ ఆటగాళ్లు. ఆటలో గెలిచినందుకు ఏకంగా నోటే వేశారంటే ఆ గెలుపు వాళ్లకి ఎంత అపురూపమో ఊహించుకోవచ్చు.

పసిఫిక్ మహాసముద్రంలో 300కు పైగా దీవుల సముదాయం ఫిజీ. వాటిలో మనుషులు ఉండేవి వందకు కాస్త అటూఇటూ. అన్నీ కలిపినా మన ఉమ్మడి అనంతపురం జిల్లా అంత ఉండదు. జనాభా సుమారు 9 లక్షలు... అంటే విజయవాడ నగరంకన్నా తక్కువే! 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో తొలిసారి అడుగుపెట్టిన ఆ దేశం, ఆ తర్వాత అరవై ఏళ్లపాటు ఒక్క పతకమైనా లేకుండానే తిరిగొచ్చింది. 2016 ఆగస్టు 11న రియోలో ఆ కరవు తీరింది. అదీ నేరుగా బంగారంతో.

ఏడుగురి ఆట

రగ్బీ అంటే మామూలుగా జట్టుకి పదిహేనుమంది. 'సెవెన్స్'లో మాత్రం ఏడుగురే. మైదానం అంతే, మనుషులు సగం. దాంతో పరుగే పరుగు. సగానికి ఏడేసి నిమిషాల చొప్పున సాధారణంగా పావుగంటలో ఆట ముగుస్తుంది. బంతిని చేత్తో ముందుకు విసరకూడదు, పక్కకో వెనక్కో అందించాలి. పట్టుకోవడానికి వచ్చేవాళ్లని తప్పించుకుని అవతలి గీత దాటి బంతిని నేలకు తాకిస్తే అయిదు పాయింట్లు. మన కబడ్డీలో కూతకెళ్లినవాడు అందరినీ విదిలించుకుని గీత దగ్గరికి ఉరికే ఆ క్షణం ఉంటుందే... ఇక్కడ ఆటంతా అలాగే ఉంటుంది.

ఫిజీ పల్లెల్లో ఈ ఆటకు ఖర్చేం ఉండదు. ఖాళీ స్థలం దొరికితే చాలు. బంతి లేకపోతే ఖాళీ ప్లాస్టిక్ సీసా అయినా సరే! రాజధాని సువా శివార్లలోని పేదల కాలనీలో జెర్రీ తువాయ్ అనే కుర్రాడు అలా సీసాతో ఆడుకునే పెరిగాడు. ఆ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

జీతం లేని కోచ్

2013లో బెన్ ర్యాన్ అనే ఇంగ్లాండ్ దేశస్థుడు ఫిజీ సెవెన్స్ జట్టుకు కోచ్‌గా వచ్చాడు. అంతకుముందు ఇంగ్లాండ్ జట్టుకు శిక్షణ ఇచ్చినవాడు. తీరా వచ్చాక చూస్తే రగ్బీ సంఘం ఖజానా ఖాళీ. మొదటి కొన్ని నెలలు జీతమే అందలేదు. అయినా ఆయన వెనక్కి వెళ్లలేదు.

ఆటగాళ్లలోనూ ఉన్నవాళ్లు తక్కువే. జైలు వార్డరు ఉద్యోగం చేసేవాళ్లూ, హోటల్లో సామాన్లు మోసేవాళ్లూ ఉండేవారు. ప్రతిభకు కొదవలేదు, ఒంట్లో దమ్ము నిలబడాలంతే. అందుకే సిగతోకా దగ్గరి ఇసుక దిబ్బలమీదికి పరుగులు పెట్టించాడు. కాలు కూరుకుపోయే ఇసుకలో ఎక్కడమంటే ఎంత కష్టమో చెప్పక్కర్లేదు. ఫలితం కనిపించింది. 2014-15, 2015-16 సీజన్లలో వరసగా ప్రపంచ సిరీస్ టైటిళ్లు ఫిజీవే.

అంతా బాగుందనుకుంటుండగా 2016 ఫిబ్రవరిలో 'విన్‌స్టన్' తుపాను విరుచుకుపడింది. 44 మంది చనిపోయారు. వేలాది ఇళ్లు నేలమట్టమయ్యాయి. ఊళ్లకు ఊళ్లు గుడారాల్లోకి చేరాయి. అలాంటి ఇళ్లనుంచే ఆర్నెల్లకు ఆ కుర్రాళ్లు రియో విమానం ఎక్కారు.

పాలించినవాళ్ల మీదే...

క్వార్టర్ ఫైనల్లో న్యూజిలాండ్‌ని 12-7తో, సెమీస్‌లో జపాన్‌ని 20-5తో దాటారు. ఫైనల్లో ఎదురుపడింది బ్రిటన్. 1874నుంచి 1970దాకా ఫిజీని పాలించిన దేశం! మొదటి నిమిషంలోనే కెప్టెన్ ఒసియా కొలినిసౌ గీత దాటాడు. సగం ఆట ముగిసేసరికి 29-0. చివరికి 43-7. అది పోటీ కాదు, పండగ.

పతకాలు అందించింది బ్రిటన్ యువరాణి యాన్. ఫిజీ ఆటగాళ్లు ఒక్కొక్కరూ మోకాళ్లమీద కూర్చుని, తమ సంప్రదాయం ప్రకారం మెల్లగా చప్పట్లు చరిచి పతకం అందుకున్నారు. గెలిచినవాడి వినయం ఎలా ఉంటుందో ప్రపంచం చూసింది. స్వదేశంలో ప్రభుత్వం సెలవు ప్రకటించింది. కోచ్‌కు మూడెకరాల స్థలమూ, ఫిజీ పెద్దలకుండే గౌరవనామమూ దక్కాయి.

మనవాళ్ల దీవులు కూడా

ఫిజీ కథలో మనకూ ఓ పేజీ ఉంది. 1879నుంచి 1916దాకా చెరకు తోటల్లో పనికి 60 వేలమందికి పైగా భారతీయుల్ని అక్కడికి తరలించారు. 1903నుంచి మద్రాసు రేవు మీదుగా వెళ్లినవారిలో తెలుగువాళ్లూ ఉన్నారు. అక్కడి ఆంధ్ర సంగం బడులు నడుపుతోంది. కానీ స్థానికులకూ భారత సంతతికీ మధ్య దూరం తక్కువేం కాదు. 1987లో, 2000లో కుట్రలు జరిగాయి. రెండోసారి భారత సంతతి ప్రధాని మహేంద్ర చౌదరిని 56 రోజులు పార్లమెంటులోనే బందీగా ఉంచారు. వేలమంది వలసపోయారు. ఆటల్లోనూ అదే గీత... రగ్బీ స్థానికులది, ఫుట్‌బాల్ భారతీయులదీ అన్నట్టుండేది. ఒక్క గెలుపుతో ఆ గాయాలన్నీ మానిపోతాయనలేం. కానీ రియో పతకం మాత్రం ఏ ఒక్క వర్గానిదో కాదు, దేశం మొత్తానిది.

చేపలతో కలిసి టోక్యోకి

కొవిడ్ వల్ల 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌కు ఫిజీ జట్టు శీతలీకరించిన చేపల్ని మోసే సరకు విమానంలో వెళ్లింది. ప్రయాణికుల విమానాలు లేవు మరి! ఫైనల్లో న్యూజిలాండ్‌ని 27-12తో ఓడించి స్వర్ణాన్ని నిలబెట్టుకుంది. కెప్టెన్ ఎవరనుకున్నారు? సీసాతో ఆడుకున్న జెర్రీ తువాయే! రియోలోనూ టోక్యోలోనూ బంగారం గెలిచింది ఆ జట్టులో అతనొక్కడే. మేమేం తక్కువా అన్నట్టు అమ్మాయిలూ బ్రిటన్‌ని 21-12తో ఓడించి కాంస్యం తెచ్చారు.

2024 పారిస్‌లో మాత్రం ఆతిథ్య ఫ్రాన్స్ 28-7తో ఆపింది. ఒలింపిక్స్‌లో వరసగా 17 మ్యాచ్‌లు గెలిచిన జట్టుకు అదే తొలి ఓటమి. దక్కింది వెండి. కారణాలు వెతికితే చాలా కనిపిస్తాయి. మెరికల్లాంటి కుర్రాళ్లని విదేశీ క్లబ్బులు ఎగరేసుకుపోతుంటాయి. ఇంటిల్లిపాదీ ఆ జీతం మీదే బతకాలి కాబట్టి వెళ్లొద్దని ఎవరూ అనలేరు. రియో వీరుల్లో తుయిసోవా, నకరావా యూరప్ క్లబ్బులకు ఆడినవారే.

ఇప్పటిదాకా ఫిజీ ఒలింపిక్ పతకాలు నాలుగు. నాలుగూ సెవెన్స్‌వే. ఒకరు వెళ్లిపోతే ఆ చోటుకోసం మరో పదిమంది సాయంత్రమయ్యేసరికి ఊరి మైదానంలో సిద్ధంగా ఉంటారు... చేతిలో బంతి ఉన్నా, లేకపోయినా!