పిరిడీను వలయము

జొన్నగట్కయు జొన్నరొట్టెయు మన తెలంగాణపు మెట్టసీమలలో తరతరములుగా బీదల యాహారము. పప్పు, పాలు, మాంసము దొరకక కేవలము జొన్నలతోనే ప్రాణము నిలుపుకొనువారికి పూర్వము పెల్లగ్రా యను వ్యాధి తరచుగా కలుగుచుండెను. ఎండ తగులు చేతులు, మెడ, పాదములు నల్లబడి గరుకెక్కును, విరేచనములు పట్టును, తుదకు మతి చలించును. హైదరాబాదులోని పోషకాహార పరిశోధనాలయమున సి. గోపాలన్ గారును వారి సహచరులును ఇట్టి రోగులను పరీక్షించి, జొన్నలో లూసీను అను పదార్థ మధికముగా నుండుట యిందుకు కారణమని 1960లో ప్రతిపాదించిరి.

ఈ వ్యాధికి మందు నికోటినిక్ ఆమ్లము. పెల్లగ్రాను పోలిన కుక్కల వ్యాధిని అది మాన్పునని 1937లో అమెరికా పండితుడు ఎల్వేహెమ్ చూపెను. ఈ ఆమ్లమునకు మూలమైనది పిరిడీను వలయము.

ఆ వలయ మెట్టిది? ఆరుగురు బాలురు చేతులు పట్టుకొని గుండ్రముగా నిలిచినట్లు, అయిదు కర్బన పరమాణువులును ఒక నత్రజని పరమాణువును అందు కలిసియుండును. నత్రజనిని ఒకటవ స్థానముగా నెంచి తక్కినవానిని వరుసగా లెక్కింతురు. ప్రతి కర్బనమునకు ఒక్కొక్క ఉదజని కలదు. దానిని తొలగించి వేరొక సమూహమును నిలిపినచో అది ప్రతిక్షిప్త పిరిడీను అగును. ఏ సమూహము ఏ స్థానమున నున్నదను విషయమే ముఖ్యము. ఆమ్లసమూహము మూడవ స్థానమున నున్న నికోటినిక్ ఆమ్లమగును. అదియే నాలుగవ స్థానమున నున్నచో పెల్లగ్రాకు పనికిరాదు. కాని దానినుండి చేసిన ఐసోనియజిడ్ 1952 మొదలు క్షయరోగుల కెందరికో ప్రాణదానము చేసినది.

స్కాట్లాండు దేశీయుడైన ఆండర్సన్, ఎముకలను గాలి తగులకుండ కాల్చగా వచ్చిన నూనెనుండి పిరిడీనును వేరుచేసెను. తరువాత దానిని రాతిబొగ్గు తారునుండి తీసిరి. అయితే దొరికిన వలయమునకు కోరిన సమూహమును తగిలించుట సులభము కాదు. నత్రజని ఎలక్ట్రానులను తనవైపు లాగుకొనుటచే, బెంజీనునకు నడచు పద్ధతులు పెక్కు దీనికి సరిగా నడువవు. కావుననే రష్యా శాస్త్రజ్ఞుడు చిచిబాబిన్ 1914లో సోడమైడును ప్రయోగించి, రెండవ స్థానమున అమైను సమూహమును నిలిపెను.

రెండవ మార్గము, సమూహములతో కూడ వలయమునే నూతనముగా కట్టుట. జర్మను పండితుడు హాంట్ష్ 1881లో దీనిని చూపెను. రెండు అణువుల అసిటోఅసిటిక్ ఎస్టరు, ఒక అణువు ఆల్డిహైడు, ఒక అణువు అమ్మోనియా కలిపి కాచవలెను. ఎస్టరు లొక్కొక్కటి రెండేసి కర్బనముల నిచ్చును; ఆల్డిహైడు ఒకటి ఇచ్చును; అమ్మోనియా నత్రజని నిచ్చును. లెక్క సరిపోయినది గదా! ఇట్లు పుట్టిన వలయమున రెండు ఉదజను లధికముగా నుండును. నత్రికామ్లముతో వానిని తొలగించినచో పిరిడీను లభించును. ఆల్డిహైడును మార్చినచో నాలుగవ స్థానమునందలి సమూహము మారును. ఆ రెండు ఉదజనులను తొలగింపక యుంచిన జాతిలోనివే రక్తపుపోటునకు నేడు వాడు నిఫెడిపిను, ఆమ్లోడిపినులు.

కర్మాగారములలో అసిటాల్డిహైడు, ఫార్మాల్డిహైడు, అమ్మోనియా ఆవిరులను వేడి ఉత్ప్రేరకముపై పంపి పిరిడీనును, మూడవ స్థానమున మిథైలు సమూహముగల పికోలీనును చేయుదురు. 1944లో స్థాపింపబడి, నేడు భారత రసాయన సాంకేతిక సంస్థయని పిలువబడు హైదరాబాదు పరిశోధనాలయమువారును జియోలైటు ఉత్ప్రేరకములతో ఈ క్రియను పరిశోధించిరి. ఆ పికోలీనును ఆక్సీకరించిన నికోటినిక్ ఆమ్లము వచ్చును.

విద్యార్థులారా, సమీకరణమున పరమాణువులను లెక్కించుట వ్యర్థశ్రమ యని తలపకుడు. ఆ లెక్కయందే ఒక రోగి యారోగ్య మిమిడియుండవచ్చును. తల్లిదండ్రులారా, మందుకంటె ముందుజాగ్రత్త మేలు. జొన్నరొట్టె తినుట మానవలసిన పనిలేదు. దాని ప్రక్కన కొంచెము పప్పు, కొన్ని వేరుసెనగలు, వీలైనచో గ్రుడ్డు లేక పాలు ఉండునట్లు చూడుడు.